పిల్లల కోసం కట్టిన ఊరు

ఇంగ్లీషులోని 'కమ్యూటర్' అన్న మాటకు మనకింకా సరైన తెలుగు మాట కుదరలేదు. ప్రతిదినమూ ఇంటినుంచి పనికీ, పనినుంచి ఇంటికీ దూరప్రయాణం చేసే మనిషి అని వివరించి చెప్పుకోవలసిందే. ఆ మాట పుట్టుక మాత్రం ముచ్చటైనది. పంతొమ్మిదో శతాబ్దంలో అమెరికా రైలు కంపెనీలు రోజూ ప్రయాణించేవారికి విడి టిక్కెట్లకు బదులు, తగ్గించిన ధరకు ఒకే టిక్కెట్టు అమ్మేవి. పెద్ద రుసుమును చిన్న రుసుముగా మార్చడమనే అర్థంలో ముందు ఆ టిక్కెట్టుకు పేరు పడింది. తరువాత టిక్కెట్టు పేరే మనిషికి అంటుకుంది. అంటే ఆ మాట కడుపులోనే ఒక బేరం ఉంది. తండ్రి రోజుకు రెండు మూడు గంటలు రైలుకు సమర్పించుకుంటాడు. బదులుగా పిల్లలకు పెరడు, చెట్టునీడ, గాలి, మంచి బడి దొరుకుతాయి.

ఈ బేరం ఎంత పాతదైనా, దాన్ని సామాన్యుడి గుమ్మంలోకి తెచ్చిన ఊరు ఒకటి ఉంది. న్యూయార్కు నగరానికి తూర్పున సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, లాంగ్ ఐలండ్ మీద, బంగాళదుంపలు పండే పొలాల్లో 1947లో మొదలైన లెవిట్‌టౌన్. 1951 నాటికి అక్కడ 17,447 ఇళ్ళు లేచాయి. నగరం విడిచి, పిల్లలను పెంచడం కోసం దూరపు ఊరికి తరలిపోవడమనే ఆధునిక గాథకు ఇది ఆదిపర్వం వంటిది. ఆ పర్వాన్ని ఇప్పుడు చదువుకోవడంలో మనకు కూడా కొంత స్వార్థముంది. అదేమిటో చివర చెబుతాను.

ఇల్లు లేని విజేతలు

1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో అమెరికాలో ఇళ్ళ నిర్మాణం దాదాపుగా పడిపోయింది. ఆ వెనుకనే యుద్ధం వచ్చి కలప, ఇనుము, కూలీలు అన్నిటినీ తన వైపు లాగుకుంది. 1945లో యుద్ధం ముగిసింది. సైన్యంలో పనిచేసిన సుమారు కోటి అరవై లక్షల మందిలో అత్యధికులు ఇళ్ళకు తిరిగి వచ్చారు; కాని చాలామందికి తిరిగి రావడానికి ఇల్లంటూ లేదు. పెళ్ళిళ్ళయ్యాయి. 1946 ఒక్క ఏడాదిలోనే 34 లక్షల మంది పిల్లలు పుట్టారు. కొత్త దంపతులు తల్లిదండ్రుల ఇళ్ళలో, అత్తమామల ముందుగదుల్లో, సైన్యం వాడి వదిలేసిన సగం పీపా ఆకారపు రేకుల కొట్టాల్లో కాపురాలు పెట్టారు. ప్రపంచయుద్ధం గెలిచివచ్చినవాడు చంటిబిడ్డ ఏడుపు పక్కగదిలోని మామగారికి వినబడకుండా జోకొట్టవలసిన స్థితి.

కట్టేవాడున్నా కొనేవాడికి డబ్బు కావాలి కదా. 1930లకు పూర్వం ఇంటి అప్పు మధ్యతరగతివాడికి కూడా గండమే. సాధారణంగా ధరలో సగం దాకా ముందే చేతిలో ఉండాలి. మిగిలినది కొద్ది సంవత్సరాలలోనే తీర్చెయ్యాలి. 1934లో ఏర్పడిన ఫెడరల్ హౌసింగ్ అడ్మినిస్ట్రేషన్ ఈ లెక్కను తలకిందులు చేసింది. అప్పుకు ప్రభుత్వమే బీమా ఇచ్చింది గనుక బ్యాంకులు ఇరవై ముప్ఫై ఏళ్ళ గడువుకు, కొద్దిపాటి ముందు సొమ్ముతో అప్పులివ్వసాగాయి. 1944 జూన్‌లో వచ్చిన సైనికుల పునరావాస చట్టం మరొక అడుగు ముందుకు వేసి, మాజీ సైనికుడు చేతినుంచి పైసా పెట్టకుండా ఇల్లు కొనుక్కునే వీలు కల్పించింది. ఆ విధంగా కోరిక, అప్పు రెండూ సిద్ధమయ్యాయి. ఇక కావలసింది ఇల్లు.

ఇల్లు కదలదు, పనివాళ్ళు కదులుతారు

ఆ ఇల్లు లెవిట్ కుటుంబం కట్టింది. తండ్రి అబ్రహాం న్యాయవాదిగా ఉండి నిర్మాణరంగంలోకి వచ్చినవాడు. పెద్దకొడుకు విలియం వ్యాపారం చూసేవాడు. చిన్నకొడుకు ఆల్‌ఫ్రెడ్ ఇళ్ళ నమూనాలు గీసేవాడు. యుద్ధకాలంలో వర్జీనియాలోని నార్‌ఫోక్‌లో నౌకాదళ కార్మికులకోసం వందలాది ఇళ్ళను గడువులోగా కట్టవలసి వచ్చినప్పుడు వారికి ఒక కిటుకు పట్టుబడింది. కార్ల కర్మాగారంలో కారు కదులుతూ పోతుంది, పనివాడు నిలబడి ఉంటాడు. ఇల్లు కదలదు గనుక పనివాళ్ళనే కదిలించారు. ఇంటి నిర్మాణాన్ని పాతిక పైచిలుకు అంచెలుగా విడగొట్టి, ఒక్కొక్క అంచెకు ఒక్కొక్క జట్టును నియమించారు. ఒక జట్టు కాంక్రీటు పలక పోసి పక్క స్థలానికి పోయేది. మరొకటి గోడల చట్రాలు నిలబెట్టి ముందుకు సాగేది. ఇంకొకటి రంగు వేసేది. నేలమాళిగ తవ్వడం మానేసి నేలమీదే పలక పోశారు; అందుకోసం స్థానిక నిర్మాణ నిబంధనలనే మార్పించారు. కార్మిక సంఘాలను దూరంగా ఉంచారు. కలపకు కాలిఫోర్నియాలో సొంత మిల్లు పెట్టుకున్నారు. 1948లో పని మంచి జోరుమీద ఉన్నప్పుడు రోజుకు 30కి పైగా ఇళ్ళు పూర్తయ్యేవి.

మొదటి ఇల్లు 750 చదరపు అడుగులది. రెండు పడకగదులు, ఒక ముందుగది, వంటగది, స్నానాలగది. పైన అటక మాత్రం పూర్తిచేయకుండా వదిలేశారు. పిల్లలు పెరిగేకొద్దీ అక్కడ గదులు వేసుకోవచ్చునని. స్థలం 60 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు, అంటే మన లెక్కలో దాదాపు 667 గజాలు. పెద్ద లెవిట్‌కు తోటలంటే ప్రాణం. ప్రతి ఇంటి చుట్టూ పండ్లచెట్లు నాటించాడు. మొదట ఇళ్ళు అద్దెకే ఇచ్చారు. 1949నుంచి అమ్మకం మొదలైంది. ధర 7,990 డాలర్లు. బట్టలుతికే యంత్రం అందులోనే. మాజీ సైనికుడికి నెలసరి వాయిదా నగరంలో అద్దెకంటె మించేది కాదు. కొత్త నమూనాలో ముందుగదిని వెనుకవైపుకు మార్చి, పెరటిలోకి పెద్ద అద్దాల కిటికీ పెట్టారు. లోపల కూర్చున్న తల్లికి బయట ఆడుకునే పిల్లలు కనిపిస్తూండాలని దాని ఉద్దేశం. ఇల్లు చిన్నదే, కాని అందులోని ప్రతి మూలా పిల్లలను తలచుకుని గీసినదే.

నిబంధనలు కూడా ఉండేవి. కంచెలు వేయకూడదు. ఇంటిముందు గడ్డి వారంవారం కత్తిరించాలి. బట్టలు ఆరవేయడానికి గొడుగులాంటి తిరుగుడు దండెమే వాడాలి; సెలవురోజుల్లో అదీ కుదరదు. ఇవన్నీ చూసి నగరంలోని పండితులు ఈసడించుకున్నారు. లూయీ మమ్‌ఫర్డ్ వంటి నగరచరిత్రకారుడు ఒకే అచ్చులో పోసినట్టున్న ఇళ్ళలో, ఒకే వయసు, ఒకే ఆదాయం గల మనుషులు, ఒకే రకం బతుకులు బతకడాన్ని తీవ్రంగా విమర్శించాడు. 1962లో మాల్వినా రేనాల్డ్స్ రాసిన 'లిటిల్ బాక్సెస్' పాటను కూడా చాలామంది లెవిట్‌టౌన్‌కు అన్వయిస్తారు గాని, ఆ పాటకు ప్రేరణ కాలిఫోర్నియాలోని డేలీ సిటీ.

బేరం ఖర్చు

ఈసడింపులకంటె ఖర్చుల లెక్క ముఖ్యమైనది. మొదటి ఖర్చు తండ్రులది. లెవిట్‌టౌన్‌లో ఇళ్ళున్నంతగా ఉద్యోగాలు లేవు. పురుషుల్లో చాలామంది తెల్లవారగానే కారులోనో, హిక్స్‌విల్, వాంటా స్టేషన్లలో రైలెక్కో నగరం వైపు పోవలసిందే. ఆ రైలుమార్గాన్ని నడిపే లాంగ్ ఐలండ్ రైల్‌రోడ్ 1949లో దివాలా తీసింది. 1950 ఫిబ్రవరిలో రాక్‌విల్ సెంటర్ దగ్గర, అదే ఏడాది నవంబరులో పండుగ ముందురోజు సాయంత్రం క్యూ గార్డెన్స్ దగ్గర, రైళ్ళు ఢీకొని రెండు ప్రమాదాల్లో కలిపి వందమందికి పైగా చనిపోయారు. మృతుల్లో ఎక్కువమంది పని ముగించుకుని ఇళ్ళకు పోతున్నవారు, లేదా రోజూ పోయే దారిలో పోతున్నవారు. ఊళ్ళు కట్టినంత వేగంగా వాటిని నగరంతో కలిపే దారులు బాగుపడలేదు.

రెండో ఖర్చు తల్లులది. కారు ఒక్కటే, అది భర్తతో పోయేది. పగలంతా ఊరు స్త్రీలది, పిల్లలది. 1963లో బెట్టీ ఫ్రీడన్ 'ది ఫెమినైన్ మిస్టీక్' అనే పుస్తకంలో, చదువుకుని కూడా శివారు ఇళ్ళలో పేరులేని అసంతృప్తితో బతుకుతున్న గృహిణుల మాట చెప్పి దేశాన్ని కుదిపింది. అయితే ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. హెర్బర్ట్ గాన్స్ అనే సామాజికశాస్త్రవేత్త న్యూజెర్సీలో లెవిట్లు కట్టిన ఊరిలో 1958లో తానే ఇల్లు కొనుక్కుని రెండేళ్ళు కాపురముండి, 1967లో 'ది లెవిట్టౌనర్స్' ప్రకటించాడు. శివారు మనుషుల్ని మార్చి ఒకే మూసలో పోస్తుందన్న వాదాన్ని ఆయన అంగీకరించలేదు. వచ్చినవారిలో అధికులు తాము కోరి వచ్చినదే పొందారనీ, మునుపటికంటె తృప్తిగానే ఉన్నారనీ తేల్చాడు. ఒంటరితనం పుట్టిల్లు దూరమైన కొందరు స్త్రీలలోనూ, తిరగడానికి చోటులేని కౌమార వయస్కులలోనూ ఎక్కువగా కనిపించిందన్నాడు. ఊరు చిన్నపిల్లలకోసం కట్టారు; ఆ చిన్నపిల్లలు పదిహేనేళ్ళవారవుతారన్న సంగతి నమూనాలో లేదు.

ఈ రెండు ఖర్చులూ ఇష్టపడి చెల్లించినవే. మూడో ఖర్చు అటువంటిది కాదు. దాన్ని చెల్లించినవారు ఆ ఊరిలో లేనివారు.

రానివ్వనివారు

లెవిట్‌టౌన్ తొలి అద్దె ఒప్పందాల్లో ఒక షరతు ఉండేది. ఇంట్లో పనిచేసే నౌకర్లు తప్ప, కాకేసియన్ జాతికి చెందనివారెవరూ ఆ ఇంటిని వాడుకోకూడదు, అందులో నివసించకూడదు. ఇది ఒక కంపెనీ దురభిమానమే అనుకుంటే పొరపాటు. అప్పులకు బీమా ఇచ్చే ప్రభుత్వ సంస్థ 1930లలో తయారుచేసిన మార్గదర్శక గ్రంథమే ఇటువంటి షరతులను సిఫార్సు చేసింది. జాతులు కలిస్తే ఇళ్ళ విలువ పడిపోతుందన్నది దాని సిద్ధాంతం. అంటే నల్లజాతి మాజీ సైనికుడికి చట్టం కాగితంమీద ఇచ్చిన హక్కును, అదే ప్రభుత్వం వేరొక కాగితంతో వెనక్కు తీసుకుంది.

ఆ 'కాకేసియన్' అన్న మాట దగ్గర భారతీయ పాఠకుడు ఆగి ఆలోచించవలసి ఉంది. 1923లో భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ, తాను కాకేసియన్ జాతివాడిననీ, అమెరికా సైన్యంలో పనిచేశాననీ, పౌరసత్వానికి అర్హుడిననీ సుప్రీంకోర్టులో వాదించాడు. శాస్త్రవేత్తలు ఏమన్నా, సామాన్యుడి దృష్టిలో హిందూదేశస్థుడు తెల్లవాడు కాడని కోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. భారతీయులకు పౌరసత్వం పొందే హక్కు 1946లో గాని రాలేదు. అదీ ఏడాదికి 100 మందికి మాత్రమే ప్రవేశమన్న పరిమితితో. అప్పటి లెవిట్‌టౌన్‌లో ఒక తెలుగువాడు ఇల్లడిగి ఉంటే ఏ సమాధానం వచ్చేదో ఊహించుకోవడం కష్టం కాదు.

1948 మే నెలలో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో సుప్రీంకోర్టు, ఇటువంటి జాతి షరతులను కోర్టుల ద్వారా అమలు చేయించడం చెల్లదని తేల్చింది. షరతు కాగితంనుంచి పోయింది. ఆచారం మాత్రం పోలేదు. నల్లవారికి అమ్మితే తెల్లవారు కొనరనీ, తాను ఇళ్ళ సమస్య తీర్చగలనేమో గాని జాతి సమస్య కూడా కలిపి తీర్చలేననీ విలియం లెవిట్ అనేవాడు. ఆయన యూదుడు. యూదులను రానివ్వని ఊళ్ళు కూడా ఆనాడు దేశంలో ఉండేవి. ఆ సంగతి ఆయనకు తెలియనిది కాదు.

లెవిట్లు 1952లో పెన్సిల్వేనియాలో, బక్స్ కౌంటీలో, రెండో లెవిట్‌టౌన్ మొదలుపెట్టారు. అక్కడ కంపెనీ నల్లవారికి అమ్మదు; కాని ఒకసారి కొన్న యజమాని తిరిగి ఎవరికైనా అమ్ముకోవచ్చు. 1957 ఆగస్టులో విలియం మయర్స్, డెయిసీ మయర్స్ దంపతులు అలా ఒక ఇల్లు కొనుక్కుని, ముగ్గురు చిన్నపిల్లలతో దిగారు. ఆయన మాజీ సైనికుడు. ఆమె ఉపాధ్యాయవృత్తికి చదువుకున్న పట్టభద్రురాలు. వారు అక్కడికి వచ్చిన కారణం మిగతావారందరూ వచ్చిన కారణమే. పెరిగే సంసారానికి పాత ఇల్లు చాలలేదు.

ఆ రాత్రినుంచే ఇంటిముందు వందలకొద్దీ జనం మూగారు. రాళ్ళు పడి కిటికీల అద్దాలు పగిలాయి. రాయి తగిలి ఒక పోలీసు అధికారి స్పృహ తప్పాడు. గవర్నరు జార్జ్ లీడర్ రాష్ట్ర పోలీసులను పంపవలసి వచ్చింది. గుంపులు చెదిరాక వేధింపు రూపం మార్చుకుంది. మయర్స్ ఇంటి వెనుక ఉన్న ఖాళీ ఇంటిని స్థావరం చేసుకుని, దక్షిణాది తిరుగుబాటు జెండా ఎగరేసి, వేళకాని వేళ పాటలు హోరెత్తించారు. సాయం చేసిన పక్కింటివారి గోడమీద కు క్లక్స్ క్లాన్ అక్షరాలు రాశారు. మరోవైపు, అదే ఊరిలో క్వేకర్లు, మరికొందరు ఇరుగుపొరుగువారు రాత్రులు కాపలా కాశారు, పిల్లలను ఎత్తుకున్నారు, ఇల్లు శుభ్రం చేసిపెట్టారు. చివరికి రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకు వెళ్ళి, వేధించేవారిపై నిషేధాజ్ఞ తెచ్చాడు. మయర్స్ కుటుంబం పారిపోలేదు. నాలుగేళ్ళు అక్కడే ఉండి, 1961లో తమ కారణాలతో తాము వెళ్ళారు. డెయిసీ మయర్స్ తరువాత విద్యారంగంలోనే కొనసాగి, 2011లో కన్నుమూసింది. అంతకుముందే, 1999లో, ఆ ఊరివారు ఆమెను పిలిచి క్షమాపణ చెప్పుకున్నారు.

లెవిట్ కంపెనీ తలుపు మాత్రం కోర్టు తెరిపించవలసి వచ్చింది. న్యూజెర్సీ లెవిట్‌టౌన్ విషయంలో, ప్రభుత్వ బీమా పొందిన ఇళ్ళు ప్రజాసహాయం పొందినవే గనుక వివక్ష చూపరాదని ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు 1960లో తీర్పు చెప్పింది. ఆ ఊరు ఆ తరువాత తన పాతపేరు విల్లింగ్‌బరో తిరిగి పెట్టుకుంది.

బడి దగ్గరకు వద్దాం

ఇల్లు మార్చేవారు చెప్పే కారణాల్లో బడి ముందుంటుంది. అమెరికాలో బడిఖర్చులో పెద్దభాగం ఆ ఊరి ఆస్తిపన్నునుంచే వస్తుంది. కాబట్టి ఇంటి ధర, బడి నాణ్యత ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతూంటాయి. ఇందులో లెవిట్‌టౌన్ అనుభవం విచిత్రమైనది. పిల్లలు ఎక్కువ, పన్ను కట్టే పెద్ద పరిశ్రమలు తక్కువ. పక్కనున్న ధనిక ఊళ్ళతో సరితూగలేక, ఈ పద్ధతి అన్యాయమని లెవిట్‌టౌన్ విద్యామండలి మరికొన్ని మండలులతో కలిసి న్యూయార్కు రాష్ట్రంపై దావా వేసింది. అసమానత ఉన్నదన్న మాట నిజమే గాని, అది రాజ్యాంగవిరుద్ధం కాదని 1982లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఇతరులను బయట ఉంచడానికి గీసిన గీతలే ఇంకొక అంచెలో తననూ బయట ఉంచాయని ఆ ఊరికి తెలిసివచ్చింది.

అదే 1982లో మరొక తీర్పు వచ్చింది. మనబోటి పుస్తకప్రియులు గుర్తుంచుకోదగినది. లెవిట్‌టౌన్‌లో కొంతభాగం ఐలండ్ ట్రీస్ అనే విద్యామండలి కిందకు వస్తుంది. ఆ పొలాల పాతపేరు కూడా అదే. 1976లో ఆ మండలి సభ్యులు కొన్ని పుస్తకాలు అసభ్యమైనవని, దేశానికి వ్యతిరేకమైనవని పాఠశాల గ్రంథాలయంనుంచి తీయించారు. వివాదంలో చిక్కిన పుస్తకాల్లో కర్ట్ వానెగట్ 'స్లాటర్‌హౌస్ ఫైవ్', రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్', లాంగ్‌స్టన్ హ్యూస్ సంపాదకత్వంలోని నల్లజాతి రచయితల కథాసంకలనం ఉన్నాయి. స్టీవెన్ పికో అనే పదిహేడేళ్ళ విద్యార్థి మరి నలుగురితో కలిసి కోర్టుకెక్కాడు. భావాలు నచ్చలేదన్న ఒక్క కారణంతో గ్రంథాలయంనుంచి పుస్తకాలు తొలగించే అధికారం మండలికి లేదని సుప్రీంకోర్టులో ప్రధానాభిప్రాయం వెలువడింది. పుస్తకాలు తిరిగి బీరువాల్లోకి వచ్చాయి.

నల్లమనిషి ఇంటికి రాకుండా కట్టుకున్న ఊరిలో, నల్లమనిషి పుస్తకం బడికి రాకుండా ఆపే ప్రయత్నం జరగడంలో వింత లేదు. దాన్ని అడ్డుకున్నది ఆ ఊరి బడిలో చదువుకున్న పిల్లలే కావడం మాత్రం చెప్పుకోదగ్గ విశేషం. పిల్లలకోసం కట్టిన ఊరు పిల్లలమీద పెట్టుకున్న ఆశలన్నిటిలోకీ ఇదే గొప్పగా ఫలించిందని నాకనిపిస్తుంది, అది ఎవరూ అడిగి నాటిన చెట్టు కాకపోయినా.

మన స్వార్థం

మొదట చెప్పిన స్వార్థం సంగతికి వస్తాను. 1965 అక్టోబరులో అమెరికా వలసచట్టం మారింది. 1968 ఏప్రిల్‌లో, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి, ఇళ్ళ అమ్మకంలో వివక్షను నిషేధించే చట్టం వచ్చింది. మొదటి చట్టం మనవాళ్ళను దేశంలోకి రానిచ్చింది. రెండోది శివారులోకి రానిచ్చింది. 1977 నాటికి పిట్స్‌బర్గ్ నగరంలో కాక, దాని శివారు పెన్ హిల్స్ కొండమీద వేంకటేశ్వరుడు వెలిశాడు. ఆ తరువాత న్యూజెర్సీలో ఎడిసన్ మొదలు ఎన్నో ఊళ్ళలో మనవాళ్ళు బడులు చూసి ఇళ్ళు కొన్నారు, రైళ్ళెక్కి నగరాలకు పోయి వచ్చారు, పెరట్లో గోంగూర, కరివేపాకు పెంచారు. మనం ఇది మన చదువుతో, మన కష్టంతో సాధించుకున్నామనుకుంటాం. కష్టం నిజమే. కాని మనకంటె ముందు ఆ తలుపు దగ్గర నిలబడి రాళ్ళు తిన్నవారున్నారు. మయర్స్ దంపతుల పేరు మన ఇళ్ళలో ఎంతమంది పిల్లలకు తెలుసు?

ఇంకొక లెక్క కూడా ఉంది. 7,990 డాలర్ల ఆ ఇల్లు ఇప్పుడు లక్షల డాలర్లు పలుకుతోంది. తొలినాటి రూపంలో మిగిలినవి బహుతక్కువ. అటకలు గదులయ్యాయి, గదులు అంతస్తులయ్యాయి. పెరిగిన విలువ పిల్లల కాలేజీ చదువయింది, వృద్ధాప్యపు ధైర్యమయింది, వారసత్వమయింది. 1947లో తలుపు తెరుచుకోనివారికి పోయింది ఒక ఇల్లు మాత్రమే కాదు. మూడు తరాల పొదుపు. 1968లో చట్టం తలుపు తెరిచేనాటికి అదే ఇంటి ధర చేయిదాటిపోవడం మొదలైంది. న్యూయార్కు లెవిట్‌టౌన్‌లో నల్లజాతివారి సంఖ్య ఈనాటికీ అతిస్వల్పం. షరతును ఎప్పుడో కొట్టేశారు. ధర మిగిలింది.

పిల్లలకోసం నగరం విడిచి వెళ్ళడం తప్పని ఈ చరిత్ర చెప్పదు. పెరడు మంచిదే, చెట్టు మంచిదే, బడి మంచిదైతే మరీ మంచిది. ఇల్లు కొనబోయే తండ్రి రైలు ఎన్ని గంటలు తింటుందో లెక్క వేసుకుంటాడు. తల్లి పగలంతా ఎవరితో మాట్లాడగలదో ఆలోచించుకుంటుంది. ఆ వీధిలోకి ఎవరిని రానివ్వలేదు, ఇప్పటికీ ఎవరు రాలేకపోతున్నారు అన్న ప్రశ్న మాత్రం ఇంటి కాగితాల్లో ఎక్కడా ఉండదు. దాన్ని మనమే తెచ్చుకుని పెట్టుకోవాలి. లేకపోతే ఎప్పుడో ఒకనాడు, బడి గ్రంథాలయంలో ఏదో పుస్తకం చదివి వచ్చి, మన పిల్లలే అడుగుతారు.